నలగని నిమ్మకాయలు

"బండి వెనకాల బండి కట్టుకుని ఊరేగడమేమిటే తల్లీ, నీకేమైనా మతి పోయిందా?" అని పద్మిని మీద అరిచాను. నాకు ముక్కు మీద కోపం. అది మాత్రం కూరగాయల సంచి కింద పెట్టి, "ఇంకేం చెయ్యమంటావు దమయంతీ? దారి చెప్పు, అదే చేస్తాను" అంది.

చాండ్లర్‌లో మా ఇల్లూ వాళ్ళిల్లూ పక్కపక్కనే. వాళ్ళాయన వీరభద్రంగారు బ్రిడ్జిలు కట్టిన ఇంజనీరు. రిటైరవగానే ఓ పెద్ద మోటర్‌హోమ్ కొన్నారు. లోపలే మంచం, పొయ్యి, బాత్రూమ్. స్టీరింగ్ మాత్రం ఆయనదే, పద్మినిని ముట్టుకోనిచ్చేవారు కాదు. అడిగితే "నీకెందుకే, నేనున్నాగా" అనేవారు.

తర్వాత ఆయనకి మతిమరుపు జబ్బు పట్టుకుంది. పోయినేడు పాలు తెస్తానని కారు తీసుకుని బయల్దేరిన మనిషి పక్క రాష్ట్రం న్యూ మెక్సికోలో హైవే పక్కన పోలీసులకి దొరికారు. ఊరేదని అడిగితే ఏలూరు అన్నారట. ఆ రోజు నుంచీ కారు తాళాలు బియ్యం డబ్బాలో ఉంటున్నాయి. కూతురు అదితి నా ఎదురుగానే తల్లికి తెగేసి చెప్పింది. "అమ్మా, మెమరీ కేర్‌లో ప్లేస్ రెడీగా ఉంది. డాడీ చేతిలో ఇంకొక్కసారి కార్ కీ చూశానంటే, ఆ రోజే అక్కడ జాయిన్ చేస్తాను. ఐ మీన్ ఇట్." ఆ పిల్లనీ తప్పు పట్టలేం. దాని భయం దానిది.

పద్మిని మాత్రం ఆయన్ని మతిమరుపువాళ్ళని ఉంచే ఆ హోమ్‌కి పంపనంటుంది. అలాగని ఇంట్లో ఉంచుకోవడమా, నరకం. "ఇంటికి పోదాం పద" అంటూ రోజంతా తలుపులు గుంజుతారు. ఉన్నది సొంతిల్లేనని చెబితే కొట్టడానికొస్తారు. చక్రం కదిలితే మాత్రం చంటిపిల్లాడిలా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. కార్‌లో తిప్పుదామంటే బాత్రూమ్ తంటా. మగవాళ్ళ రెస్ట్‌రూమ్‌లోకి ఈవిడ వెళ్ళలేదు, ఆయన్నొక్కరినే పంపితే తిరిగొస్తారన్న నమ్మకం లేదు. అందుకని డెబ్బై ఏళ్ళొచ్చాక మోటర్‌హోమ్ నడపడం నేర్చుకుంది, వణుక్కుంటూ.

ఒకసారి, మోటర్‌హోమ్‌లు ఆపుకునే క్యాంప్‌గ్రౌండ్‌లో ఆయనకి జ్వరం కాసింది. కరెంటు తీగ పీకి, నీళ్ళ పైపు విప్పి, అంత బండినీ క్లినిక్ సందులోకి దూర్చేసరికి పద్మినికి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడే అనుకుంది, వెనకాల ఓ చిన్న బండి ఉండి తీరాలని.

ఏ బండి? మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో అందరూ మేధావులే కదా! హైబ్రిడ్ తీసుకోమని ఒకరు, మైలేజీ చూడమని ఒకరు. మైలేజీ ఎవడిక్కావాలి? తీరా కనుక్కుంటే, చాలా కార్లని నాలుగు చక్రాలూ నేలమీద ఉంచి లాక్కెళ్ళకూడదట. ఇంజన్ ఆగి ఉంటే గేర్‌బాక్స్‌లో ఆయిల్ తిరగదు, లోపలంతా మాడిపోతుంది. పద్మిని పాత కారూ అలాంటిదే. ట్రైలర్ మీదకి ఎక్కిద్దామంటే గొలుసులు బిగించే బలం దాని మణికట్లకి లేదు. ఓ షోరూమ్‌వాడు "ఏదైనా లాగొచ్చు మేడమ్" అని నవ్వాడు. నా ఒళ్ళు మండింది. ఆ కారు పుస్తకం తీయించి, లాగకూడదన్న పేజీ వాడిచేతే పైకి చదివించాను.

తిరిగి తిరిగి చివరికి ఓ పాత జీపు దొరికింది. పెన్ను మొనతో నొక్కే చిన్న బటన్ ఉందందులో. అది నొక్కితే న్యూట్రల్‌లో పడి ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది, ఎంత దూరమైనా లాక్కెళ్ళొచ్చు. పద్మిని ఆ బటన్ మీద వేలు పెట్టి ఏడ్చేసింది.

బయల్దేరే రోజు జీపుని మోటర్‌హోమ్‌కి కట్టుకునే గుడికొచ్చారు, పూజ అవగానే అటునుంచటే వెళ్ళాలని. కట్టడం, బటన్ నొక్కడం అన్నీ పద్మినే చేసుకుంది. "లైటు వెలిగింది కానీ, సరిగ్గా పడిందో లేదో దమయంతీ" అని గొణిగింది. పూజారి కొత్తాయన. పసుపూ కుంకుమా పెట్టి, జీపు తాళం పళ్ళెంలో ఉంచి మంత్రాలు చదివాడు. అదితి వంగి టైర్ల కింద నిమ్మకాయలు సర్దుతోంది. అంతలో పూజారి పళ్ళెం తీసుకెళ్ళి సరాసరి వీరభద్రంగారి ముందు పట్టాడు. "యజమానిగారూ, తీసుకోండి. మీ చేతుల మీదుగా స్టార్ట్ చెయ్యండి."

పూజారికేం తెలుసు పాపం. మగదిక్కుకే ఇవ్వాలిగా మరి!

పద్మిని "అయ్యో, వద్దండీ" అనేలోపు వీరభద్రంగారు తాళం తీసుకున్నారు, జీపెక్కారు, తలుపు లాక్ చేసుకున్నారు. ఆ మొహంలో ఎంత వెలుగో! ఏడాదిగా నేనా మొహం చూడలేదు. అదితి ఇంకా రెండు బండ్ల మధ్యనే ఉంది. కట్టిన ఇనప కడ్డీ ఆపుతుందో లేదో నాకేం తెలుసు? "పక్కకి రావే!" అని కేకేసి దాని జబ్బ పట్టుకుని లాగాను. పద్మిని అద్దం మీద రెండు చేతులతో బాదుతోంది. "ఏవండీ, దిగండి! మీకు దణ్ణం పెడతాను, దిగండి!"

ఇంజన్ గాండ్రించింది. జీపు కదల్లేదు.

గేరు మార్చారు. మళ్ళీ తొక్కారు. గుడి ముందున్న జనమంతా తిరిగి చూశారు. నిమ్మకాయ పెట్టినచోటే ఉంది. ఆయన తన కాళ్ళ వంక చూసుకున్నారు, చేతుల వంక చూసుకున్నారు, ఇంకోసారి తొక్కారు. తర్వాత ఇంజన్ ఆపేసి తనంతట తనే తలుపు తీశారు.

"పద్మినీ, నాకు నడపడం రావట్లేదే. మర్చిపోయాను" అన్నారు.

ఏదీ మర్చిపోలేదని ఇల్లు పీకి పందిరేసిన మనిషి! మర్చిపోయానన్న మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. తాళం పద్మిని అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు. "నువ్వే నడుపు ఇంక."

అదితి ఏడుస్తూ ముందుకొచ్చింది. "నో డాడీ, మీరేం మర్చిపోలేదు, అది న్యూట్రల్‌లో..."

పద్మిని కూతురి నోరు చేత్తో మూసింది. గట్టిగానే మూసింది. నిజం చెబితే ఆయన తాళం మళ్ళీ అడుగుతారు. చెప్పకపోతే, ఏ తప్పూ లేకుండానే చేతకానివాడిననుకుంటారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"పోనీలెండి, మర్చిపోతే పోయింది" అంది పద్మిని. "నేనున్నాగా."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మోటర్‌హోమ్‌లో పక్క సీట్లో కూర్చోబెట్టింది, బెల్టు పెట్టింది, తను స్టీరింగ్ ముందు కూర్చుంది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. పద్మిని బండి ముందుకి పోనిచ్చింది. వెనకాలే జీపు కదిలింది. నిమ్మకాయలన్నీ నలిగాయి.