మిరప పొగ పేజీ కోసం వేటపాలెం దాకా

శనివారం పొద్దున ఆరింటికి మా ఊరి నుంచి ప్రత్తిపాడుకు మొదటి ఆటో. ఈ వయసులో ఎక్కడికని అడిగితే పుస్తకం కోసమన్నాను. ఆటోలో నవ్వారు. ఏం పుస్తకమంటే చేతబడి పుస్తకమన్నాను. నవ్వు ఆగిపోయింది.

కారణం ముందే చెబుతాను. మా వీధిలో మస్తానమ్మ అని ఒకావిడ ఉంది. ముప్పై ఏళ్లుగా మిరప కల్లాల్లో, కోల్డ్ స్టోరేజీల్లో కాయలకు తొడిమలు తీస్తోంది. కిందటి వారం పక్కింటి పిల్లకు జ్వరం తగ్గకపోతే దిష్టి తీసి, మిరపకాయలు నిప్పుల్లో వేశారు. వాకిట్లో ఉన్నవాళ్లంతా దగ్గి కళ్లు తుడుచుకున్నారు. మస్తానమ్మ దగ్గలేదు. సాయంత్రానికల్లా ఆమె చేతబడి చేస్తుందని ఊరంతా పాకింది. ఆదివారం పదింటికి పెద్దలు పంచాయతీ ఆఫీసు దగ్గర కూర్చుని ఆమెను ఊరు విడిచి పొమ్మంటారని అందరికీ తెలుసు. పోలీసులకు చెబుతానంటే ఆమే వద్దంది. “వాళ్లు వచ్చిపోతారు బాబాయ్. నేనుండాల్సింది వీళ్ల మధ్యనేగా.”

మిరప పొగకు దగ్గని ఆడది మంత్రగత్తె అన్న మాట ఎక్కడిదంటే, పుస్తకంలో ఉందంటారు మా ఊళ్లో. ఆ పుస్తకం చదివి వినిపించింది నేనే.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. బడికి పోలేదు. బజ్జీల పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు పట్టుకున్నవాణ్ణి. మా వీధిలో చదవగలిగింది నేనొక్కణ్ణే, ఆ పొగరు కూడా ఉండేది. అట్టలూడిన ఇంద్రజాలం పుస్తకం ఒకటి దొరికితే అరుగు మీద కూర్చుని గొంతెత్తి చదివాను. ఒక పేజీ చివర ఆ మాట ఉంది. ఆ కాగితం వెనక వైపు తడిసి పక్కదానికి అతుక్కుపోయింది. రెండు రోజులకు సుబ్బులు అనే ఆవిడను మిరప పొగలో నిలబెట్టారు. ఆమె దగ్గలేదు. మంత్రం పలకకుండా ముందు పళ్లు రాలగొట్టారు. మర్నాడే ఆమె ఊరు విడిచి వెళ్లిపోయింది, మళ్లీ కనబడలేదు. నేను అడ్డం పడలేదు. ఆ అతుక్కుపోయిన పేజీలో ఏముందన్న ప్రశ్న మాత్రం ఇన్నేళ్లూ నన్ను వదల్లేదు.

ఎనిమిదిన్నరకు గుంటూరులో బస్సు దిగాను. రెండిడ్లీ, టీ. పుస్తకాల షాపులు పదింటికి గాని తీయరు.

మొదటి షాపులో ఒక గోడంతా ఈ సరుకే. పుర్రె బొమ్మలవి ఒక వరస, కొవ్వొత్తి రంగును బట్టి కోరిక తీరుతుందనే నున్నటి అట్టలవి ఇంకో వరస. ఒకటి తీసి ఇందులో ఎలా చేస్తారో ఉందా అని అడిగాను.

“అసలు విషయం గురువుగారి దగ్గర ఉపదేశం తీసుకోవాలండీ. ఫోన్ నంబరు వెనకట్ట మీద ఉంటుంది” అన్నాడు షాపతను.

“మరి లోపల ఏముంది?”

“మహిమలండీ.”

నాకు ఒళ్లు మండింది. ఆకుకూరలమ్మే ఆవిడ కూడా కట్ట విప్పి చూపిస్తుంది. ఇన్ని పేజీలు అచ్చేసి, అసలు సంగతి చెప్పకూడదనేవాడు పుస్తకం ఎందుకు రాసినట్టు? ఈ దారిన వెళ్లేవారికి నా సలహా ఒక్కటే. వెనకట్ట మీద ఫోన్ నంబరున్న మంత్రాల పుస్తకం కొనకండి.

రెండో షాపూ అంతే. మూడోది పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల కొట్టు. ఆ ముసలాయన నేను చెప్పిందంతా విని, “మీకు కావాల్సింది మంత్రమా, మేజిక్కా?” అన్నాడు.

“తేడా ఏంటండీ?”

“మేజిక్కువాడు మోసం చేస్తున్నానని ముందే చెప్పి టికెట్టు కొడతాడు. వేటపాలెంలో కోటేశ్వరరావు మాస్టారని ఉన్నారు. బళ్లల్లో మేజిక్కు చేసేవారు. ఇలాంటి పాతవి ఏవొచ్చినా ఆయనే పట్టుకుపోతారు.” చిరునామా ఒక చీటీ మీద రాసిచ్చాడు. డబ్బులివ్వబోతే చీటీకి డబ్బులేంటండీ అన్నాడు.

పదకొండుంబావుకు చీరాల బస్సు. పక్క సీట్లో చీరల మూటతో ఒకావిడ కూర్చుంది. చేతబడి సంగతి విని, “విరుగుడు కోసమా పెద్దాయనా?” అంది.

“అవునమ్మా.”

“ఎవరికి పట్టింది?”

“మా ఊరికి.”

ఆవిడ నన్ను ఒకసారి చూసి, మూట తన వైపుకు జరుపుకుంది.

ఒంటిగంటన్నర దాటాక చీరాలలో భోజనం, అక్కడి నుంచి ఆటోలో వేటపాలెం. జీడిపప్పు వాసన ఊరి మొదట్లోనే తగిలింది. కోటేశ్వరరావు మాస్టారిది వెనక మగ్గం గుంట ఉన్న ఇల్లు. నేను విషయం చెప్పేలోపే ఆయన నిమ్మకాయ తెచ్చి కోశారు. ఎర్రగా కారింది.

“రక్తం అనుకున్నారా? కత్తికి మందారపువ్వు రుద్ది ఆరబెడతానండీ. పులుపు తగిలితే ఎర్రబడుతుంది. ఈ ఒక్కదానితో ఇళ్లకి ఇళ్లు కట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.”

మిరప పొగ అనగానే బీరువా తీశారు. ఇలా చేసి చూపించే పుస్తకాలు రెండు అరలున్నాయి. నాలుగో పుస్తకం తెరవగానే గుర్తుపట్టాను. అదే బొమ్మ, అదే పేజీ. చివరి వరస ఇలా ఉంది: ‘మండు మిరపకాయల పొగకు దగ్గని స్త్రీ చేతబడి నేర్చినదని’.

ఆ చివరి ‘ని’ నాకు గుర్తుంది. అచ్చుతప్పనుకుని మింగేశాను. ‘నేర్చినది’ అని చదివి ముగించాను. పొట్లాల కాగితాల మీద ప్రతి వాక్యమూ ఎక్కడో ఒకచోట తెగుతుంది. తెగినచోట నేనే ముగించుకోవడం నాకు అలవాటు.

మాస్టారు పేజీ తిప్పారు. ‘తలచుట వట్టి అజ్ఞానము. నిత్యము మిరపపనిలో నుండువారికి ఆ ఘాటు అలవడుట సహజము.’

సుబ్బులు కూడా తొడిమలు తీసేది.

మాస్టారు మంచినీళ్లిచ్చి, “పుస్తకం గడప దాటదండీ. జిరాక్సు తీయిద్దాం, నేనూ వస్తా” అన్నారు.

జిరాక్సు అమ్మాయి కాగితం పెడుతూ, “ముందూ వెనకా తీసేయనా తాతగారూ?” అంది.

“వద్దమ్మా. రెండు పేజీలూ ఒకే వైపు, పక్కపక్కన రావాలి.”

“రెండుసార్లు పెట్టాలి మరి.”

“పెట్టు.” ఈ వాక్యం కోసం ఇంకెవరికీ పేజీ తిప్పే పని ఉండకూడదు.

అయిదింటికి చీరాలలో తిరుగు బస్సు. పొన్నూరు దాటాక మస్తానమ్మ ఫోన్ చేసింది.

“దొరికిందా బాబాయ్?”

“దొరికింది.”

“చదువు.”

చదివాను. ముందు సీటాయన తల తిప్పి విన్నాడు.

“అయితే ఆ సుబ్బులు నాలాంటిదేగా” అంది.

“అవునమ్మా.”

“రేపు వాళ్లు నమ్మకపోతే?”

“కాగితాన్ని నమ్మకపోవచ్చు. నేను తప్పు చదివానంటే నమ్ముతారు. ఆ రోజు అరుగు దగ్గర విన్నవాళ్లు ముగ్గురు ఇంకా ఉన్నారు.”

“అందరి ముందూ తలవంపులు కదా నీకు.”

“నా పళ్లెవరూ రాలగొట్టలేదుగా.”

ఆమె ఫోన్ పెట్టేసింది. మిరప బస్తాల లారీలు ఎదురొస్తున్నాయి, కిటికీలోంచి ఘాటు కొడితే బస్సంతా దగ్గింది. నేనూ దగ్గాను. ఆ రెండు పేజీల వాక్యాన్ని మధ్యలో ఆగకుండా చదవాలని దారంతా ప్రయత్నించాను. ప్రతిసారీ ‘నేర్చినదని’ దగ్గరే ఊపిరి చాలలేదు. గుంటూరులో బస్సు మారాను. ప్రత్తిపాడు వచ్చేలోపు ఒక్కసారి, ఒకే ఊపిరిలో, చివరిదాకా వచ్చింది.