వెనక గదిలో దగ్గు

స్టేషన్లో అందరూ ఆమెను హెడ్డమ్మ అనేవారు. హెడ్ కానిస్టేబులు. ముందుగదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ గోడు వినడం ఆమె పని. తండ్రి దర్జీ, పోలీసుల ఖాకీ బట్టలు కుట్టీ కుట్టీ చూపు మందగించినవాడు. ఇస్త్రీ మడతల మీద మోజుతోనే ఉద్యోగంలో చేరానని ఆమె నవ్వుతూ చెప్పేది. ఆ మోజు తొందరగానే తీరిపోయింది. లోపల జరిగేవి చూసీ చూడనట్టు ఉండడం అలవాటైంది. ఇంటికి రాగానే కూతురు "ఇవాళ ఏం జరిగిందమ్మా?" అంటే "ఏముంటుందే, మామూలే" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నోరు చేదెక్కేది.

ఒకరోజు మధ్యాహ్నం ఎస్సై ఒక పైపుల మేస్త్రీని జీపులో వేసుకొచ్చాడు. అతను చేసిందల్లా ఒక్కటే. మార్కెట్లో ఎస్సై పళ్ళమ్మే ముసలామెను చెంప మీద కొడుతుంటే ఫోన్లో వీడియో తీశాడు. ఫోను లాక్కున్నారు. కేసు రాయలేదు. మనిషిని పట్టుకొస్తే ఎందుకో చెప్పాలనీ, ఇంటివాళ్ళకు కబురు చెయ్యాలనీ రాసిన బోర్డు గోడకు వేలాడుతూనే ఉంది. సరిగ్గా దాని కింద నిలబడి, "ఎవరడిగినా లేడని చెప్పు" అని ఎస్సై వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

లాఠీ దెబ్బలు వినిపించాయి. అరుపులు కాసేపు పెరిగి, తర్వాత మూలుగులయ్యాయి. ఎస్సై బయటికొచ్చి, చేతులు కడుక్కుని, కమలాపండు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. తొక్కల వాసనలో వెనక గదినుంచి వచ్చే చెమట కంపు, మూత్రం కంపు కలిశాయి.

"తీసుకో హెడ్డమ్మా, భలే తియ్యగా ఉంది" అని రెండు తొనలు అందించబోయాడు.

"వద్దు సార్."

అంతలో మేస్త్రీ భార్య పరుగులాంటి నడకతో వచ్చింది. "అమ్మా, మా ఆయన్ని ఇక్కడికే తెచ్చారంట. మార్కెట్లో చెప్పారు."

ఎస్సై నములుతూనే హెడ్డమ్మ వైపు చూశాడు. ఆమె నోరు తెరిచేలోగా వెనక గదిలో ఎవరో దగ్గారు.

"అది మా ఆయన దగ్గే!"

"ఎవడో దొంగ. నువ్వెళ్ళు" అన్నాడు ఎస్సై.

"పెళ్ళైన దగ్గర్నుంచీ పక్కన పడుకుని వింటున్నా సార్. నాకు తెలీదా?"

హెడ్డమ్మ లేచింది. "ఉన్నాడమ్మా. రా." ఆమె చెయ్యి పట్టుకుని వెళ్ళి తలుపు తోసింది. "ఏయ్, పిచ్చా నీకు?" అని ఎస్సై వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు.

మేస్త్రీ గోడకు చేరగిలబడి ఉన్నాడు. అరచేతులు ఉబ్బి నల్లగా కమిలిపోయాయి. భార్య ఏడవలేదు. ఆ చేతులు ఒళ్ళోకి తీసుకుని, "వీటితోనేగా మా నలుగురికీ తిండి" అంది.

ఆ సాయంత్రమే అతన్ని వదిలేశారు. భార్య ఆసుపత్రిలో చూపించి, వకీలును పట్టుకుని, కోర్టులో కేసు వేసింది. శాఖలోనూ విచారణ జరిగింది. స్టేషన్లో అందరూ బడిపిల్లల్లా ఒకే పాఠం అప్పజెప్పారు: బాత్రూంలో జారిపడ్డాడు. స్టేషన్లోని సీసీ కెమెరా సరిగ్గా ఆ మధ్యాహ్నమే పాడైందట.

"జారిపడితే రెండు అరచేతులూ ఒకేలా వాస్తాయా సార్?" అంది హెడ్డమ్మ.

విచారణాధికారి మర్యాదగా నవ్వాడు. "నీకు సెలవివ్వలేదని ఎస్సై మీద కోపమట కదమ్మా?"

ఇన్నాళ్ళూ తన టిఫిన్ డబ్బాలో కూర పంచుకున్న తోటివాళ్ళే ఆ మాట పుట్టించారని తెలిశాక, వాళ్ళ మధ్య కూర్చుని తినాలంటేనే ఆమెకు రోత పుట్టింది.

భర్త బస్సు డ్రైవరు. "తప్పు చేశావని అనను. కాస్త నిదానించి ఉండాల్సింది" అన్నాడు.

"ఇరవై ఏళ్ళు నిదానించానండీ. ఇంకా చాలదా?"

ఆధారాలు చాలవని విచారణ ముగించారు. ఎస్సైని ఇంకా పెద్ద స్టేషనుకు మార్చి, దానికి శిక్ష అని పేరు పెట్టారు. క్రమశిక్షణ తప్పిందని హెడ్డమ్మకు మెమో ఇచ్చి, పట్టుబడ్డ బళ్ళు తుప్పుపట్టే ఆవరణకు కాపలా వేశారు. కోర్టు కేసు మాత్రం ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్నప్పుడల్లా ఆమె సాక్షిగా వెళ్తుంది, మళ్ళీ రేపు రమ్మన్నా వెళ్తుంది. మేస్త్రీ ఇప్పుడు పక్కన నిలబడి చెబుతుంటే, భార్యే పైపులు బిగిస్తోంది.

పోయిన ఏడాది ఎస్సైకి పతకం ఇచ్చారు. ఆ సభకు హెడ్డమ్మకు గేటు దగ్గర డ్యూటీ పడింది. అతను జీపు దిగి, ఆమెను చూసి పలకరించాడు.

"బాగున్నావా హెడ్డమ్మా?"

"మేస్త్రీ వేళ్ళు ఇంకా ముడుచుకోవడం లేదు సార్."

మొహాన నవ్వు చెరగనియ్యకుండా అతను వేదిక వైపు నడిచాడు. పేరు పిలిచారు. చప్పట్లు మోగాయి. హెడ్డమ్మ గేటు పక్కకు తిరిగి ఉమ్మేసింది.