పుర్రచేతి దెబ్బకి తగిన కర్ర

‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెతని మా ఇంట్లో నా మీద వాడినన్నిసార్లు ఇంకెవరి మీదా వాడలేదు. కూర మాడితే గిన్నె అడుగు పలచన అంటాను. కుట్టు వంకరపోతే మిషను పాతదయిందంటాను. నా మాట పూర్తికాకముందే మా ఆయన ఆ సామెత అందుకుంటారు. దాన్ని కట్టినవాడు ఆ మద్దెలని ఒక్కసారైనా వాయించి చూశాడా అని నాకెప్పుడూ అనుమానమే. అది నిజంగానే ఓటిదయితే ఆడేమనిషి ఏం చెయ్యాలి, నోరు మూసుకుని తప్పు తనదేననుకోవాలా? యాభై దాటాక గోల్ఫ్ కర్రల విషయంలో ఈ మాట గట్టిగా అడగాల్సివచ్చింది, అడిగాను.

మా కాపురం ఏలూరులో, చేపల చెరువులు ఆకివీడు దాపున. చేపలు కొనే పెద్ద పార్టీలతో పరిచయాలు పెరిగాక, వాళ్ళు మా ఆయన్ని ఒకసారి విశాఖ తీసుకెళ్ళి గోల్ఫ్ ఆడించారు. తిరిగొచ్చేసరికి ఆయన నడక మారిపోయింది. సంచీడు కర్రలు కొన్నారు. ఆ కర్రలకి పెద్దపెద్ద పేర్లున్నాయి గానీ మా ఇంట్లో అందరం కర్రలనే అంటాం. కొన్నాళ్ళు ఉత్సాహంగా ఊపారు, నడుం పట్టేసింది, సంచీ చెరువు దగ్గర షెడ్డులో తవుడు బస్తాల పక్కకి చేరింది.

వేసవిలో చెరువు ఎండగడతాం. చేపలు పట్టేశాక నీళ్ళు తోడేసి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండనిచ్చి, సున్నం చల్లి, ఆ తర్వాతే మళ్ళీ నీళ్ళు పెట్టి చేపపిల్ల వదులుతాం. ఆ మధ్యకాలంలో చెరువంత మంచి మైదానం ఎక్కడా ఉండదు. చుట్టూ గట్లు, మధ్యలో ఎకరాలకొద్దీ చదును, బంతి ఎటు పోయినా గట్టు ఆపుతుంది. సున్నంలో తెల్లబంతి పడితే మాత్రం ఇక దొరకదు. అందుకని నారింజరంగువి తెప్పించుకున్నాం.

ఆ ఏడు సున్నం పని చూడ్డానికి వెళ్ళినదాన్ని, ఊరికే ఒక కర్ర తీసి బంతి ముందు నిలబడ్డాను. నేను నిలబడింది ఎడమచేతివాటంగా. ఆ కర్ర చేసింది కుడిచేతివాళ్ళకి. గోల్ఫ్ కర్ర చివర ఉండే ఇనప తలకి ఒక పక్కే చదును, ఆ పక్కతోనే కొట్టాలి. నేను నిలబడితే దాని వీపు బంతివైపు తిరిగింది. పోనీలెమ్మని వీపుతోనే కొట్టాను. బంతి లేచింది, ఓ మూల ఇంకా ఆరని బురదలో చిన్న పరిగె చేపలు ఏరుకుంటున్న కొంగలూ లేచాయి. పనివాళ్ళు తట్టలు దించి చూశారు. నా ఒళ్ళు ఎంత తేలికపడిందో ఇప్పటికీ గుర్తుంది.

మావైపు ఎడమచేతివాటాన్ని పుర్రచెయ్యి అంటారు. అనేటప్పుడే మూతి కాస్త వంకరపోతుంది. నేను పుట్టింది దెందులూరు దగ్గర పల్లెలో. అన్నం తినే చెయ్యి మార్చింది మా అమ్మ. కంచం ముందు కూర్చున్నప్పుడల్లా నా ఎడమచేతిని తన చీరకొంగుతో నా నడుముకి కట్టేసేది. రాసే చెయ్యి మార్చింది బళ్ళో మేష్టారు, ఆయన పద్ధతి బెత్తం. ఇద్దరూ నా మంచికేనన్నారు. ఎవరూ మార్చనిది బిళ్ళంగోడు ఒక్కటే. నేలమీద చిన్నబిళ్ళని పెద్దకర్రతో తట్టి లేపి, అది గాల్లో ఉండగానే చాచి కొట్టాలి. మా అన్నయ్యల జట్టుకి నేను కావాలి, ఏ చేత్తో కొడతానో వాళ్ళకి అక్కర్లేదు. పెద్దవాళ్ళు దిద్దకుండా నాకు మిగిలిన సొత్తు ఆ ఒక్క దెబ్బే. ఇన్నేళ్ళకి దాన్ని కూడా దిద్దుతానని ఒకరు వస్తే నేను ఊరుకుంటానా?

వచ్చినాయన మంచాయనే. మా ఆయన స్నేహితుడు, తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతారు, చదువుకునే రోజుల్లో బయట ఎక్కడో ఈ ఆట నేర్చుకున్నారట. నన్ను చెల్లెమ్మా అంటారు.

“చూడండి చెల్లెమ్మా, ఎడమచేతి కర్రలు మన దగ్గర దొరకవండి. పుర్రచెయ్యి వాళ్ళు బోల్డుమంది కుడివైపే ఆడేస్తారు. ఇప్పుడే కదా మొదలెట్టారు, మార్చేసుకోండి, సుఖంగా ఉంటుంది,” అన్నారు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అందుకే తలొంచి, మా ఆయన కర్రలతో ఎండలు ముదిరేదాకా కుడివైపు నిలబడ్డాను. బంతికంటే సున్నమే ఎక్కువ లేచింది. భుజం సలిపింది. అంతకంటే బాధ, పలక ముందు కూర్చున్నప్పటిలా బెత్తం పడుతుందేమోనని కొట్టే ముందు వెనక్కి చూసుకోవడం.

“కర్ర నాకు పడట్లేదండీ,” అన్నాను.

“ఆడలేక మద్దెల ఓడు,” అన్నారు మా ఆయన.

ఆ ఇంజనీరింగ్ మేష్టారే ఇంకో సంగతి చెప్పారు. కర్రకి పొడుగాటి కాడ ఉంటుంది కదా, కొట్టేటప్పుడు అది కొద్దిగా వంగి మళ్ళీ నిలబడుతుంది. ఎంత వంగాలన్నది మన ఊపుని బట్టి ఉండాలి. ఊపు నిదానమైతే వంగే కాడ, వడిగా ఉంటే గట్టి కాడ. కాడ మీద అక్షరం ఉంటుంది. ఎస్ అంటే గట్టిది, ఆర్ అంటే మధ్యరకం, ఏ అంటే పెద్దవయసువాళ్ళది, ఎల్ అంటే ఆడవాళ్ళది.

“అన్నయ్యగారూ, వంగేది కాడ కదండీ, దానికి ఆడా మగా ఏవిటండీ?” అన్నాను.

“మంచి ప్రశ్నేనండి,” అని నవ్వేశారు.

మావైపు వరి కోసే కక్కుకొడవలికి పళ్ళు ఒక పక్కనే కోస్తారు. మా ఊరి కమ్మరి ఆ పళ్ళు కొయ్యబోయే ముందు “ఏ చెయ్యి?” అని అడిగేవాడు. పుర్రచెయ్యి అంటే నవ్వేవాడు కాదు, రెండో పక్కన కోసిచ్చేవాడు. అడక్కుండా చేసిచ్చిన కొడవలికి దుబ్బు తెగదు, వేలు తెగుతుంది. పారకి కామ, అంటే పట్టుకునే కర్ర, వేసుకునేటప్పుడు కూడా ఎవరి ఎత్తుకి వాళ్ళు కొలుచుకుంటారు. ఇంత మామూలు సంగతి గోల్ఫ్ దగ్గరికొచ్చేసరికి నా గొంతెమ్మ కోరికైపోయింది.

అలా ఉండగా మా పెళ్ళిరోజు వచ్చింది. ఆ వారం మా అమ్మ ఏలూరులో మా దగ్గరే ఉంది. మా ఆయన హాల్లో ఒక పొడుగాటి పెట్టె తెచ్చి పెట్టి, తెరవమన్నారు. లోపల గులాబీరంగు సంచీ, గులాబీరంగు పిడులు, కాడల మీద ఎల్. అన్నీ కుడిచేతివే. నాకు తెలియకుండా హైదరాబాదు షాపువాళ్ళతో ఫోన్లలో మాట్లాడి మరీ తెప్పించారట.

“ఎలా ఉన్నాయే?” అన్నారు. చిన్నపిల్లాడిలా నా మొహంలోకే చూస్తున్నారు.

నాకు ఏడుపొచ్చింది. కొట్టి మార్చినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవచ్చు, ప్రేమగా మార్చేవాళ్ళతో ఎలా వేగాలి? ఇవి తీసుకున్నానంటే ఆ మిగిలిన ఒక్క దెబ్బా పోతుంది. పైగా ఈసారి నా అంతట నేనే నవ్వుతూ ఇచ్చుకున్నట్టవుతుంది.

“నాకొద్దండీ,” అన్నాను. “ఇవి చాలా బావున్నాయి, కానీ నావి కావు.”

ఆయన కంటే ముందు మా అమ్మ లేచింది.

“మొగుడు ముచ్చటపడి తెస్తే వద్దంటావేవిటే? ఎడ్డెమంటే తెడ్డెమనడం నీకు పుట్టుకతో వచ్చింది!”

“పుట్టుకతో వచ్చింది అదొక్కటే కాదమ్మా. రెండోది నువ్వు కొంగుతో కట్టేశావు.”

అమ్మ మొహం మాడిపోయింది. అన్నందుకు బాధపడ్డాను, వెనక్కి మాత్రం తీసుకోలేదు. మా ఆయన పెట్టె మూసి గోడవారగా జరిపారు. తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో కాఫీ, భోజనం, కరెంటు పోయింది, కరెంటు వచ్చింది అన్న మాటలే నడిచాయి. చివరికి ఒకరోజు ఆయనే, “పద, హైదరాబాదెళ్ళి ఆ షాపువాణ్ణే అడుగుదువుగాని. వాడూ కాదంటే అప్పుడైనా ఊరుకుంటావా?” అన్నారు. ఊరుకుంటానని మాటివ్వలేదు, పెట్టె పట్టుకుని బయల్దేరాను.

షాపులో ఉన్న కుర్రాయన నెమ్మదస్తుడే. కానీ, “సార్, మేడమ్ ఎత్తెంత?” అని మా ఆయన్ని అడిగాడు.

“నేనిక్కడే ఉన్నానండీ. నన్నడగండి,” అన్నాను.

సారీ చెప్పి, నా మణికట్టు నుంచి నేలదాకా టేపు పెట్టి కొలిచాడు. అరచెయ్యి, వేళ్ళు కొలిచాడు. ఎడమచేతి వాటమని చెప్పగానే చేతిలో టేపు ఆగిపోయింది. ఆడవాళ్ళ సెట్లలో ఎడమచేతివి లేవన్నాడు, తెప్పించడమూ కష్టమన్నాడు. ఆడవాళ్ళలో పుర్రచెయ్యి వాళ్ళు పుట్టరనుకున్నారేమో ఈ కర్రలు చేసేవాళ్ళు. మగవాళ్ళది ఒక్కటి మాత్రం చూపించడానికి ఉంది, ఉక్కు కాడ, ఎస్. “చాలా గట్టిది మేడమ్, మీకు కష్టం,” అంటూనే ఇచ్చాడు.

బంతి ఆపడానికి షాపులోనే కట్టిన వలకి ఎదురుగా నిలబడ్డాను. పక్కన ఊపు వేగం కొలిచే మెషీను. నా వాటంగా నిలబడితే బంతివైపు కర్ర వీపు కాకుండా మొహం ఉండడం జీవితంలో అదే మొదటిసారి. చాచి కొట్టాను. బంతి నేలబారుగా ఎడమపక్కకి పోయింది. కుర్రాయన మెషీను చూసి, ఇంకోసారి కొట్టమన్నాడు. ఆ తర్వాత మళ్ళీ కొట్టమన్నాడు.

“మీరు ఇంతకుముందు ఏమైనా ఆడేవారా మేడమ్?”

“బిళ్ళంగోడు.”

“అంటే?”

చేత్తో చేసి చూపించాను. “ఓ, మా వైపు చిర్రగోనె అంటాం!” అని నవ్వాడు. అప్పట్నుంచీ నాతోనే మాట్లాడాడు. ఎస్ నాకు గట్టిదే, బంతి లేవకపోవడం అందుకే. కానీ ఎల్ అసలు కుదరదట. నేను ఊపు మొదట్లోనే ఒక్క గుంజు గుంజుతానట, మెత్తటి కాడైతే కర్ర తల వెనకబడి బంతి తలోదారి పడుతుందట. నాకు పడేది ఆర్, ఉక్కుది కాదు, తేలికైన గ్రాఫైటుది.

“ఎడమచేతిది, ఆర్, నా పొడుగుకి తగినది, అన్నీ కలిసింది లేదంటారు, అంతేనా?” అన్నాను.

“రెడీగా లేదు మేడమ్. కానీ తల వేరు, కాడ వేరు. జిగురుతో అతికిస్తాం. ఎడమచేతి తలలు తెప్పించి మీకు కావలసిన కాడ వేసి, మీ కొలతకి కోసిస్తాను. ఈ గులాబీ సెట్టు వెనక్కి తీసుకుంటాను.”

తల వేరు, కాడ వేరు! ఇన్నాళ్ళూ నన్ను మారమన్నవాళ్ళలో ఒక్కరైనా ఈ ముక్క చెప్పారా?

కుర్రాయన ఊరుకోక, “సార్, మీదీ చూద్దామా?” అన్నాడు. మా ఆయన దర్జాగా లేచి ఒక కర్ర అందుకున్నారు. ఇంట్లో ఆయన కర్రలన్నీ ఎస్, మగాళ్ళకి అదేనని ఎవరో చెబితే కొన్నవి. కుర్రాయన మెషీను చూసి, కాస్త మొహమాటపడి, ఆయనకి సరిపోయేది ఏ అన్నాడు. పెద్దవయసువాళ్ళది.

షాపులో నవ్వలేదు. తిరుగు రైల్లో బెజవాడ రాకుండానే నవ్వు ఆపుకోలేకపోయాను.

“మీ నడుం నొప్పి వయసు వల్ల కాదండీ. మద్దెల ఓడు,” అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. కాసేపటికి భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు.

కర్రలు వచ్చేసరికి చెరువులో నీళ్ళున్నాయి. మరుసటి వేసవి ఎండగట్టేదాకా ఆగాను. సున్నం చల్లడం అయిపోయాక, తాడేపల్లిగూడెం నుంచి మేష్టారు వచ్చారు, మా అమ్మనీ కారులో తీసుకొచ్చాం. అమ్మ షెడ్డు నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంది. నల్లటి పిడి, ఎడమచేతి తల, నా కొలతకి కోసిన కాడ. మొదటి బంతి నున్నగా లేచి గట్టు దాటి పక్కవాళ్ళ చెరువులో పడింది. అది నీళ్ళున్న చెరువు, శబ్దం మా అందరికీ వినపడింది. “పొరపాటు నాదేనండి చెల్లెమ్మా,” అన్నారు మేష్టారు. మా ఆయన ఇంకో బంతి తెచ్చి నా ముందు పెట్టారు. ఎండ నెత్తికెక్కేదాకా కొట్టాను.

భోజనానికి షెడ్డులో చాప పరిచాం. క్యారేజీలో అన్నం, కొర్రమేను పులుసు. చేతులు కడుక్కుని కూర్చున్నాను. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచెయ్యి అన్నంలో పెట్టాను.

“ఏవే, చెయ్యి...” అన్నారు మా ఆయన మెల్లగా.

“తెలుసండీ.”

ముద్ద కట్టడం ఆ చేతికి రాలేదు. వేళ్ళు దగ్గరికి రావు, బొటనవేలు తొయ్యదు. నోటిదాకా వచ్చేసరికి సగం జారి చీర మీద పడింది. గట్టు దాటించి కొట్టిన చెయ్యి, అన్నం తినడంలో ఇంకా కొంగుకి కట్టేసిన వయసు దగ్గరే ఆగిపోయింది. మిగిలిన సగాన్ని మింగి మళ్ళీ కంచంలో చెయ్యి పెట్టాను.

అమ్మ చూస్తూనే ఉంది. కాసేపటికి నా కంచంలోకి వంగి, చేపముక్క విడదీసి ముల్లు తియ్యబోయింది.

“వద్దమ్మా. నేనే తీసుకుంటాను.”

“గుచ్చుకుంటుందే తల్లీ.”

“గుచ్చుకోనీ.”

పులుసు మోచేతిదాకా కారింది. మేష్టారు లేచారు, మా ఆయన లేచారు, ఇద్దరూ చేతులు కడుక్కున్నారు. నేను తింటూనే ఉన్నాను. అమ్మ తన ఎంగిలిచెయ్యి ఎండిపోతున్నా లేవకుండా నా ఎదురుగానే కూర్చుంది.