బాగైనదాన్ని మళ్లీ చెడగొట్టమన్న ఆపా

ల్యాప్‌టాప్ అడుగున మరలు విప్పి ఫ్యాను బయటికి తీస్తే ఒక వాసన వస్తుంది. వేడెక్కిన దుమ్ము వాసన. మా మార్కాపురంలో ఆ దుమ్ములో పలకరాయి పొడి కూడా కలిసి ఉంటుంది. బ్రష్షుతో దులిపితే బూడిదరంగులో లేచి ముక్కులోకి పోతుంది. ఈ ఉదయం అలా దులుపుతుంటే తుమ్ము వచ్చింది. "మొహం అటు తిప్పుకో రమణమ్మా, అది జనాల సొమ్ము" అని ఎవరో అన్నట్టయి వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. షంషాద్ ఆపా చూపు సరిగా ఆనక, షాపు నాకు అప్పజెప్పి, కర్నూలులో చెల్లెలి దగ్గరికి వెళ్లి రెండేళ్లయింది. ఆమె గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది. ఐదో తరగతిలోనే బడి మానేసినదాన్ని, రాసే అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నేను పదేళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి కోశాను. దగ్గు పట్టుకుని తగ్గకపోయేసరికి ఆ పని మానేసి, ఆపా షాపులో చిమ్మే పనికి చేరాను. అప్పటికి నాకు ముప్పై దాటాయి. ఆపా నాకంటే పన్నెండేళ్లు పెద్ద. భర్త పోయాక ఆయన నడిపిన కంప్యూటర్ రిపేరు షాపును ఒక్కతే నిలబెట్టుకుంది. నేను చీపురు పట్టుకుని ఆమె చేతులవైపే చూస్తుండడం గమనించినట్టుంది, ఒకరోజు స్టూలు నా ముందుకు జరిపింది.

"కూర్చో. ఈ మరలు విప్పు."

"నాకు ఇంగ్లీషు రాదు ఆపా."

"దానికి తెలుగు రాదు. ఇద్దరికీ సరిపోయిందిలే, కూర్చో."

అట్లా మొదలైంది. నాలుగైదు నెలలకు చిన్నచిన్న పనులు పట్టుబడ్డాయి. ఒకసారి కాలేజీ సారు ఒకాయన వైఫై అసలు కనబడడం లేదని ల్యాప్‌టాప్ తెచ్చాడు. ఆపా భోజనానికి పోయిన సమయంలో నేను ఏవేవో నొక్కుతుంటే వైఫై వచ్చేసింది. ఆమె రాగానే గొప్పగా చూపించాను.

"ఏం చేస్తే వచ్చింది?"

"తెలీదు ఆపా. అన్నీ నొక్కినా."

"అయితే మళ్లీ చెడగొట్టు."

ఎగతాళి చేస్తోందనుకున్నాను. కాదు. నిజంగానే చెడగొట్టించింది. ఒక్కో బటనూ నొక్కించి, విమానం బొమ్మ ఉన్న బటను దగ్గర వైఫై ఆగిపోతోందని నా చేతనే కనిపెట్టించింది. "దేనివల్ల పోయిందో, దేనివల్ల వచ్చిందో రెండూ నీ కళ్లతో చూడాల. లేకుంటే అది బాగైనట్టు కాదు, ఊరికే కాసేపు ఊరుకున్నట్టు" అంది. ఆ సారు ఎదురుగానే ఉన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాతి ఎండాకాలం ఆపా మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు వేసుకుని షాపులో కూర్చుని ఉండగా పుల్లలచెరువు అవతలి ఊరినుంచి ఒకామె పరుగున వచ్చింది. పేరు ఈశ్వరమ్మ. ఆమె కూతురు కావ్యకు మర్నాడు మూడింటికి ల్యాప్‌టాప్‌లోనే ఉద్యోగం ఇంటర్వ్యూ. ఇంట్లో వైఫై ఉంది గానీ కొన్ని రోజులు బాగుండి, కొన్ని రోజులు నిమిషానికోసారి తెగిపోతోంది. ఒక మెకానిక్ వచ్చి ల్యాప్‌టాప్ లోపలి భాగం పోయిందని చెప్పి వెళ్లాడట. అడవి అంచున ఊరు, సెల్లుకు సిగ్నల్ కావాలంటే మిద్దె ఎక్కాలి, అదీ మాట్లాడుకునే వరకే. "పోయినసారి ఇట్లనే మధ్యలో తెగిపోయి వచ్చే ఉద్యోగం పాయె. ఈసారి కూడా పోతే సంబంధం ఖాయం చేస్తానంటాండాడు వాళ్ల నాయన" అంది ఈశ్వరమ్మ.

ఆపా తన కట్టు వంక చూసుకుంది. తర్వాత పనిముట్ల సంచి నా చేతికిచ్చింది.

"రేపు ఏడింటికి బస్సు. పో."

అంతే.

పదకొండింటికి ఆ ఇల్లు చేరాను. కావ్య లోపలి గదిలో, ఎర్రగా ఉబ్బిన కళ్లతో కూర్చుని ఉంది. వసారాలో, నడిమింట్లో కూర్చోవడానికి లేదు, ఎదురుగానే పిండిమర, మాట వినబడదు. పాస్‌వర్డ్ తీసేసి మళ్లీ కొట్టాను. అన్నీ ఆపి మళ్లీ వేశాను. వస్తుంది, పోతుంది. చివరికి, ఆ లోపలి భాగానికి బదులు పనిచేసే చిన్న వైఫై పుల్లను సంచిలోంచి తీసి ల్యాప్‌టాప్‌కు గుచ్చి చూశాను. అదీ అంతే. అంటే తప్పు ల్యాప్‌టాప్‌లో లేదు. మరి ఎక్కడుంది? అప్పటికే ఒంటిగంట. చెమటలు పట్టి నోరెండిపోయి, "కాసిన్ని నీళ్లియ్యక్కా" అన్నాను.

"తాగు, కడుపు నిండా తాగు. నిన్ననే ట్యాంకరు వచ్చింది. మొన్నయితే చెంబెడు కూడా లేకపాయె" అంది ఈశ్వరమ్మ.

"మొన్న నెట్టు మాత్రం ఎంత బాగుండెనో" అని గొణిగింది కావ్య.

చెంబు నా చేతిలోనే ఆగిపోయింది. "అంతకుముందు ఎప్పుడు బాగుండె పాపా?"

తల్లీకూతుళ్లు వేళ్ల మీద లెక్కపెట్టారు. నీళ్లు అయిపోయిన రోజుల్లో నెట్టు ఉంది. ట్యాంకరు వచ్చిన రోజున పోయింది. నడిమింట్లోకి పోయి చూశాను. పిల్లల కంటబడకుండా వైఫై డబ్బాను కింది గూట్లో పెట్టారు. దాని ముందు, లోపలి గదివైపు గోడ పొడుగునా నాలుగు నీలం డ్రమ్ములు, వాటిమీద నీళ్ల క్యాన్లు. ఖాళీ డ్రమ్ములైతే సిగ్నల్ దాటిపోతుంది. నిండితే నీళ్లు అడ్డంపడి దాన్ని ఆపేస్తున్నాయి.

అదే చెబితే, మూలన కూర్చున్న కావ్య అవ్వకు నా మాట నచ్చలేదు. "అయితే ఏందమ్మీ, నీళ్లు పారబొయ్యాల్నా? దాని ఉద్యోగం పోతే పోనీ, నేను మాత్రం చుక్క పారబొయ్యనీను!"

"నీళ్లు వద్దవ్వా, డబ్బానే పైకెక్కిద్దాం" అన్నాను. వైరు చుట్ట విప్పితే సరిగ్గా పైన సామాన్ల సజ్జ దాకా అందింది. డబ్బాను పైన పెట్టగానే లోపలినుంచి కావ్య కేక వేసింది. "అక్కా, నిండుగా వచ్చింది!"

రెండుంబావు అయింది. అందరూ నవ్వుతున్నారు. నేను మళ్లీ స్టూలెక్కి డబ్బాను కిందికి దించాను.

"ఓయమ్మో, ఏం చేస్తాండావు? నీకేమన్నా పిచ్చా?" ఈశ్వరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వదులక్కా. ఒక్క నిమిషం."

గూట్లో పెట్టాను. పోయింది. సజ్జ మీద పెట్టాను. వచ్చింది. ఇంకోసారి కూడా చేశాను. అప్పుడు గాని స్టూలు దిగలేదు.

మూడింటికి తలుపు మూసుకుంది. లోపల కావ్య ఇంగ్లీషులో మాట్లాడుతోంది. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, మాట ఎక్కడా ఆగడం లేదని మాత్రం తెలుస్తోంది. గడప దగ్గరే కూర్చుని నలభై నిమిషాలూ విన్నాను. కావ్య బయటికి వచ్చి, "ఒక్కసారి కూడా తెగలేదక్కా" అంటూ నన్ను గట్టిగా కరుచుకుంది. నేను మిద్దె ఎక్కి ఆపాకు ఫోన్ చేశాను. జరిగిందంతా విని పెద్దగా నవ్వింది. "అరే, నీళ్లా! నాకు కూడా తట్టేది కాదు రమణమ్మా. ఒట్టు!"

"ఆపా, నాకు చేతకాదేమోనని నీకు అనిపించలేదా?"

"ఎందుకనిపించదు? పొద్దున్నుంచి నాకు ముద్ద దిగలేదు."

"మరి పంపేటప్పుడు ఒక్కమాటైనా అడగలేదే?"

"అడిగింటే నువ్వు బస్సెక్కుతాంటివా?"

ఎక్కేదాన్ని కాను.

పది రోజులకు కావ్యకు ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ ఆ లోపలి గదిలో కూర్చునే చేస్తోంది. ఆపా దగ్గర నేను నేర్చుకున్న పనుల్లో సగం ఇప్పుడు పనికిరావు, కొత్త ల్యాప్‌టాప్‌లు వేరేగా ఉంటున్నాయి. పోయిన వారం, నాతోపాటు పలకల ఫ్యాక్టరీలో పనిచేసి, ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకుంటున్న నాగలక్ష్మిని మొదటిసారి ఒంటరిగా రిపేరుకు కంభం పంపాను. గుమ్మం దగ్గర నిలబడి నా మొహంలోకి చూసింది. "నీకు వస్తుందా?" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, సంచి ఆమె చేతికిచ్చి, బస్సు టైము చెప్పాను.