ఇద్దరికీ ఒకే ఆఫ్

మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువసార్లు వినబడే మాట ఆఫ్. కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయి ఫోన్ చేస్తే, తిన్నారా, బాగున్నారా అని అడగదు. "ఈవాళ ఎవరికి ఆఫ్?" అంటుంది. ఎవరికి ఆఫ్ అయితే వాళ్ళతో మాట్లాడుతుంది. రెండోవాళ్ళు డ్యూటీలోనన్నా ఉంటారు, నిద్రలోనన్నా ఉంటారు.

నేను ఆస్పత్రిలో నర్సుని. మా బావ స్టీల్ ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. బావ అంటే మావారే. మేనత్త కొడుకు, భీమిలి మనిషి. చిన్నప్పటి పిలుపు పెళ్ళయినా మారలేదు. ఇద్దరివీ షిఫ్టు బతుకులే. షిఫ్టులు తిరుగుతుంటాయి, వాటితోపాటు ఆఫ్ కూడా తిరుగుతుంది. లోకానికంతా ఆదివారం ఆదివారంనాడే వస్తుంది. మాకు ఒక వారం మంగళవారం వస్తుంది, ఇంకో వారం శుక్రవారం వస్తుంది. అదైనా ఇద్దరికీ ఒకే రోజు రాదు. గోపాలపట్నంలో మేముండే వాటాలో ఇద్దరం కాపురం చేస్తున్నాం అనడం కంటే, ఇంటిని ఒకరికొకరం అప్పజెప్పుకుంటున్నాం అనడం సబబు. తాళంచెవి చేతికిచ్చి, పాలు కాచానని చెప్పి వెళ్ళిపోవడమే.

ఇంగ్లీషువాడు ఈ పొట్టి మాటకి ఎన్ని చాకిరీలు అంటగట్టాడో తలుచుకుంటే దానిమీద జాలేస్తుంది. వారానికొకటి ఇచ్చేది వీక్లీ ఆఫ్. రాత్రుళ్ళు పనిచేసినందుకు ఇచ్చేది నైట్ ఆఫ్. పండగనాడు పనిచేస్తే బదులిచ్చేది సి-ఆఫ్. అది ఇస్తామంటారే గాని అడిగినప్పుడు ఇవ్వరు. ఫ్యాను ఆఫ్, ఫోను స్విచాఫ్. మా హెడ్ సిస్టర్ పలకకపోతే మూడ్ ఆఫ్. మా వీధిలో ఓడ మీద పనిచేసే ఒకాయన ఉన్నాడు. ఆయన సైనాఫ్ అయ్యాడంటే ఉద్యోగం పోయిందేమో అని మొదట్లో కంగారుపడ్డాను. ఓడ దిగి ఇంటికొచ్చాడని అర్థమట. పై వాటాలో ఇంకొకాయన సాయంత్రం తాగొచ్చి అరుగుమీద పడిపోతే ఆయన భార్య "ఆఫ్ అయిపోనాడు" అని తలుపేసుకుంటుంది. మా వార్డులో పనిచేసే ఒకతను రోగి పోయినా అదే మాట అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మనిషికీ ఫ్యానుకీ ఒకే మాటేమిటి అని ఒకసారి గట్టిగానే తిట్టాను. అతను నవ్వి ఊరుకున్నాడు. అతనికీ ఆ వారం ఆఫ్ ఇవ్వలేదు పాపం. టిఫిన్ బండి దగ్గర ఆఫ్ ప్లేటు ఇడ్లీ అంటే అది హాఫ్, వేరే మాట అని మా అమ్మాయి దిద్దుతుంది. చదువుకున్న పిల్ల, అలాగే అంటుంది. మాకు దొరికే ఆఫ్ ఏనాడూ సగానికి మించలేదు, మాకు రెండూ ఒకటే.

తెలుగులో దీనికి మాటలు లేవా అంటే ఉన్నాయి. బడిపిల్లలకి ఆటవిడుపు, ఆఫీసువాళ్ళకి సెలవు, వానకి తెరిపి. చదువూ సంధ్యా లేని మా అమ్మ దగ్గర ఇంకో మాట ఉంది, నాగా. పనికి వెళ్ళకపోతే నాగా. ఆ మాట ఆవిడ నోట బూతుమాటలా వస్తుంది.

మా అమ్మది జాలరిపేట. తెల్లారగానే హార్బరులో వేలంపాట దగ్గర చేపలు కొని, సత్తుబేసిన్లో పెట్టుకుని, ఎంవీపీ కాలనీ అపార్టుమెంట్లకి తిరిగి అమ్ముతుంది. వేసవిలో వేట ఆపేస్తారు కదా, సముద్రానికే సెలవిచ్చే రోజులు. అప్పుడు కూడా ఐసు చేపో, ఎండు నెత్తళ్ళో పట్టుకుని తిరుగుతుంది. ఒంట్లో బాగాలేకపోయినా అంతే. ఒక్క రోజు ఇంట్లో ఉండవే అంటే, "నాగా ఎట్టీసినావంటే గిరాకీ ఇంకో మనిసి గుమ్మానికి ఎలిపోద్ది. మల్లీ తిరిగొత్తాదేటి?" అంటుంది. నాకు ఊహ తెలిశాక ఆవిడ నాగా పెట్టిన రోజులు నాన్న పోయినప్పటివే.

నాన్న పోయినప్పటినుంచే అమ్మ కూర్చుని అన్నం తినడం మానేసింది. గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి నాలుగు ముద్దలు మింగుతుంది. అడిగితే ఆకలి లేదంటుంది. ఈ ఏడాది మరీ చిక్కిపోయింది, గాజులు మోచేతిదాకా జారిపోతున్నాయి. మా ఆస్పత్రికే తీసుకెళ్ళి అన్ని పరీక్షలూ చేయించాను. రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి. డాక్టరుగారు బలానికి మందు రాసిచ్చారు. అది బీరువా మీద దుమ్ము పట్టి ఉంది.

ఒకరోజు తనే ఫోన్ చేసింది. అమ్మ ఊరికే ఫోన్ చేయదు.

"అమ్మీ, మీరిద్దరూ ఓ పూట అన్నానికి రాండి. మీతో కూకుని తినాలనున్నాది. ఒక్కద్దాన్నీ తింటే మెతుకు దిగతన్నాది కాదు."

"వస్తాంలే అమ్మా," అన్నాను.

"నువ్వొత్తావు, అల్లుడొత్తాడు. యేరేరుగా వొత్తారు. నానడిగింది అది కాదు."

నర్సుని కాబట్టి తిండి మానేసిన ముసలివాళ్ళు ఎలా కరిగిపోతారో నాకు తెలుసు. భయమేసింది. ఆవిడ అడిగింది పట్టుచీరా కాదు, తిరుపతి ప్రయాణమూ కాదు. ఒక పూట ఇద్దరం పక్కన కూర్చోవాలి, అంతే. అంత చిన్న కోరిక తీర్చడానికి మేము పడ్డ అవస్థ చెబితే నవ్వుతారు.

షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు ఆఫ్‌లు మార్చుకుంటారు. నీ గురువారం నాకిస్తే నా శనివారం నీకిస్తాను. పెళ్ళికీ చావుకీ అలా సర్దుకోవడమే. ఆ వారం నా ఆఫ్ బుధవారం, బావది శుక్రవారం. నేను తోటి సిస్టర్ని బతిమాలి నా బుధవారం ఆమెకిచ్చి శుక్రవారం తీసుకున్నాను. బావని ఆనందపెడదామని ముందు చెప్పలేదు. సాయంత్రం అతను ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే అన్నాడు.

"బుదవారం అత్తింటికి ఎల్దాం. నా సుక్కురారం ఇచ్చీసి బుదవారం పుచ్చుకున్నాను."

నా బుధవారం పోయిందని చెప్పాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నవ్వాల్సిన సంగతే గాని నవ్వే ఓపిక ఇద్దరిలోనూ లేదు. అన్నం వడ్డించాను.

"ఫోన్ సేసి సెప్పలేకపోనావా?" అన్నాడు తింటూ.

"నువ్వు చెప్పావేటి?" అన్నాను.

మళ్ళీ మార్చుకుందామంటే ఆ పుచ్చుకున్నవాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళ పనులు వాళ్ళు పెట్టుకున్నారు, తప్పు పట్టడానికేముంది. ఆ బుధవారం బావ ఒక్కడూ వెళ్ళొచ్చాడు, శుక్రవారం నేను వెళ్ళొచ్చాను. రెండుసార్లూ అమ్మ గుమ్మంలో నిలబడే తింది.

చివరికి ఒక రోజు కుదిరింది. బావకి సి షిఫ్టు, అంటే రాత్రి పని, గురువారం పొద్దున్న దిగిపోతుంది. నాకూ ఆ పొద్దున్నే నైట్లు అయిపోతాయి. మళ్ళీ శుక్రవారం ఉదయం దాకా ఇద్దరికీ పని లేదు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రాత్రి పని దిగిన రోజుని షిఫ్టువాళ్ళం ఎప్పుడూ ఆఫ్ లెక్కలోనే వేసుకుంటాం. పొద్దున్న దిగాం, రాత్రికి పని లేదు, ఇంక రోజంతా మనదే అనుకుంటాం. ఎన్నేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళూ ఈ పొరపాటు చేస్తూనే ఉంటారు. మేమూ చేశాం. గురువారం ఇద్దరికీ ఆఫ్ అని అమ్మకి చెప్పేశాం.

"అయితే నాను ఆ రోజు నాగా ఎట్టీత్తాను," అంది అమ్మ. నా చెవులను నేనే నమ్మలేదు.

గురువారం పొద్దున్న నేను ఆస్పత్రి నుంచీ, బావ ప్లాంటు నుంచీ నేరుగా జాలరిపేట చేరాం. అమ్మ తలకి పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. పనిరోజు ఆ వేళకి ఆవిడ ఒంటిమీద పొలుసులుంటాయి. పెద్ద కోనాం చేప కోసి ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి ఉంచింది. అంత ఖరీదైన చేప మా ఇంట్లో ఉడకడం నేను ఎరగను, అది ఎప్పుడూ బేసిన్లో ఎక్కి ఎవరింటికో వెళ్ళిపోయేది. మాకు చవకగా దొరికే కవ్వళ్ళే. చాప పరిచి మూడు కంచాలు కడిగి బోర్లించింది. మూడోది నాన్న కంచం, అది తనకి.

"పులుసు ఉడుకుతన్నాది. ఈలోపు నడుం వాల్సండి, పిలుత్తాను," అంది.

బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఊరికే ఒరిగాను. చింతపండు పులుసు వాసన వస్తోంది, బయట ఎవరో వల బాగుచేస్తూ మాట్లాడుకుంటున్నారు. కళ్ళు మూయకూడదు అనుకున్నట్టు గుర్తు.

మా షిఫ్టు ఇళ్ళల్లో ఒక కట్టుబాటు ఉంది. రాత్రి పని దిగి పడుకున్న మనిషిని లేపకూడదు. చుట్టాలొచ్చినా, గ్యాసు బండ వచ్చినా లేపరు. అమ్మకి ఇది మొదట్లో వింతగా ఉండేది. పగలంతా పడకేమిటి అనేది. ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు, కడుపు మాడుతుందని, నిద్రపోతున్న బావని అన్నానికి లేపింది. ఆ రాత్రి క్రేన్ మీద అతనికి కునుకు పట్టింది. కిందవాళ్ళు కేకలేసి ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సంగతి నేను తర్వాతెప్పుడో మాటల్లో అన్నాను. అమ్మ మొహం నల్లబడిపోయింది. ఆనాటి నుంచి ఈ కట్టుబాటు మాకంటే ఆవిడకే ఎక్కువ.

నేను లేచేసరికి ఇంట్లో లైటు వెలుగుతోంది. ఏ పూటో తెలియలేదు. బావ ఇంకా గురక పెడుతున్నాడు. పొయ్యి ఆరిపోయి ఉంది. కంచాలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది, చేతిలో విసనకర్ర. వీధిలో అరుస్తూ పోతున్న పిల్లల్ని దాంతో అదిలిస్తోంది, నోరు మాత్రం మెదపడం లేదు.

"లేపలేదేమ్మా?" అన్నాను.

"ఎలా లేపుతాను? అంత నిద్రలో ఉన్నారు. రేపు పొద్దున్నే మల్లీ డూటీ కదా."

"నువ్వు తిన్నావా?"

"తింటాన్లే."

పక్కింటావిడ మా గొంతు విని తొంగిచూసింది. "పొద్దున్నుంచీ అక్కడే కూకున్నాది. కాకిని కూడా అరవనియ్యలేదు. మా మిక్సీ కూడా ఏసుకోనియ్యలేదు," అంది. ఫిర్యాదులా చెప్పింది గాని నవ్వుతూనే చెప్పింది.

బావని లేపాను. గోపాలపట్నం చేరి, మళ్ళీ తెల్లవారుజామునే ఇద్దరం బయలుదేరాలి. అమ్మ గబగబా పులుసు వెచ్చబెట్టి వడ్డించింది. నువ్వూ కూర్చో అంటే, బస్సులు దొరకవు, మీరు బేగి తినీసి ఎల్లండి అంటూ నిలబడే ఉంది. చెయ్యి పట్టుకుని లాగాను. కూర్చుంది. ఒక ముద్ద కలుపుకుంది. బావ కంచంలో పులుసు అయిపోవడం చూసి మళ్ళీ లేచింది, ఇంక కూర్చోలేదు.

"ఈయాల సుబ్బరంగా తొంగున్నారు. నాకదే సాలు," అంది సాగనంపుతూ. అబద్ధమాడుతున్నట్టు కూడా లేదు. నిజంగానే మురిసిపోతున్నట్టు ఉంది, అదే నన్ను కోసేసింది.

బస్సులో సీటు దొరికింది. బావ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కంచరపాలెం దాటాక అన్నాడు.

"మల్లీ ఓ ఆఫ్ సూడాలి. ఈసారి ముందే పడుకుని ఎల్దాం."

సరే అన్నాను. మాకు ఇంకో ఆఫ్ దొరుకుతుంది, ఎప్పటికో అప్పటికి. అమ్మ మాత్రం ఇంకో నాగా పెట్టదు.