వరిచేలో పెనాల్టీ

గొడుగులు బాగుచేసే కుట్యాలి లెక్కలో ఆ మ్యాచ్ ఇంకా అయిపోలేదు. జట్టుకి ఏడుగురు ఆడే సెవెన్స్ ఫైనల్, చెరొక గోలు, ఆఖరి నిమిషం. అతను నడిపే జట్టు లక్కీ బ్రదర్స్‌కి పెనాల్టీ దొరికింది. బంతి చుక్క మీద పెట్టారు. సరిగ్గా అప్పుడే పోలీసు జీపు వచ్చి, రోగం ప్రబలుతోంది, గుంపులు కూడదని అందర్నీ ఇళ్లకు తరిమేసింది. రిఫరీ ఈల జేబులో వేసుకుని బైకెక్కి పోయాడు.

ఇరవై తొమ్మిదేళ్లలో లక్కీ బ్రదర్స్ ఆరు ఫైనళ్లాడి ఆరూ ఓడింది. అలాంటిది, నోటిదాకా వచ్చిన కూడు జీపు తన్నుకుపోయింది. కుట్యాలికి కడుపు మండిపోయింది. టోర్నమెంటు కమిటీకి అర్జీ పెట్టాడు. సీజనే రద్దయింది కాబట్టి అందులోని గోల్సూ ఫౌల్సూ అన్నీ రద్దేనని జవాబు వచ్చింది. అలాగైతే మావాడి మోకాలి వాపు కూడా రద్దయిందేమో వచ్చి చూసి పొండని అతను మళ్లీ రాశాడు.

అసలు చిక్కు జూన్‌లో వచ్చింది. ఆ మైదానం ఉణ్ణీన్ హాజీ వరిచేను. కోతలయ్యాక ఆట, వానలు పడ్డాక నాట్లు. పైగా హాజీ అవతలి జట్టు మనిషి. ట్రాక్టర్ దిగేలోపే కుట్యాలి పరుగున వెళ్లి, పెనాల్టీ చుక్క మీద విరిగిన గొడుగు కర్ర పాతి పక్కనే నిలబడ్డాడు.

"చేనంతా నాటుకోండి హాజీ. ఈ కాస్త వదిలెయ్యండి. ఇది మాది."

"మీదా? పన్ను కట్టేది నేను కదరా."

"పన్ను మీది. పెనాల్టీ మాది."

హాజీ గడ్డం గోక్కున్నాడు. ఫౌలు నిజమేనని ఆయనకీ తెలుసు, కాలు అడ్డం పెట్టింది ఆయన మేనల్లుడే. చివరికి కర్ర చుట్టూ చాపంత జాగా వదిలించాడు. నాట్లు వేసే ఆడవాళ్లు నవ్వలేక చచ్చారు.

వానాకాలమంతా కుట్యాలి రోజూ పొద్దున్నే గట్టు మీద నుంచి ఆ చుక్కని చూసుకుని వచ్చేవాడు. కప్పలు చేరితే తోలేవాడు. ఆ కప్పు సంగతి సరే, కారుతున్న ఈ ఇంటి కప్పు సంగతి చూడమని భార్య బీయ్యుమ్మ మొత్తుకుంటే, ఆట మధ్యలో ఆ మాటలేమిటని కసిరాడు.

కోతలయ్యాయి. ఆంక్షలు సడలాయి. హాజీ కబురు పంపాడు. కుట్యాలి వెళ్లేసరికి గోలు గుంజలు పాతి ఉన్నాయి. గోల్‌కీపరు, రిఫరీ, గట్ల నిండా జనం. హాజీ స్వయంగా బంతి తెచ్చి చుక్క మీద పెట్టాడు.

"తన్నించరా కుట్యాలీ. కమిటీని ఒప్పించాను, గోలైతే కప్పు నీ చేతికే ఇస్తాను. ఈ పీడ నాకు వదలాలి."

కుట్యాలి బంతిని చూశాడు. కాళ్లు విదిలించుకుంటున్న తమ ఆటగాణ్ణి చూశాడు. అంతకుముందు ఓడిన ఫైనల్లో పెనాల్టీని కొబ్బరిచెట్టు మీదికి తన్నింది వీడే. జీపు వచ్చిన రోజున కూడా అతనికి అంత భయం వేయలేదు. ఆరు నెలలు కాపలా కాసింది దీని కోసమేనా అనిపించింది. వంగి బంతిని చంకన పెట్టుకున్నాడు.

"నేల తడిగా ఉంది హాజీ. ఇప్పుడు కాదు."

రిఫరీ ఈల వేస్తున్నా, జనం కేకలు వేస్తున్నా వెనక్కి తిరగకుండా ఇంటికి నడిచాడు.

"ఏమైంది? గెలిచారా?" బీయ్యుమ్మ గుమ్మంలోనే అడిగింది.

కుట్యాలి బంతిని జాగ్రత్తగా మంచం కిందికి తోశాడు.

"ఇంకా ఓడిపోలేదే," అన్నాడు.