క్రోబార్ కనుమ దించే మనిషి

మా ఊరి పశువుల సంతలో ఆర్వల్ స్టెన్రూడ్ ఒక తగాదా గెలవడం కళ్లారా చూశాను. గొంతు పెంచలేదు, చెయ్యి ఎత్తలేదు. నేను బండ్లు తూచే కాటా మీద గెలిచాడు.

అప్పటికి కోల్బీ ప్రూట్‌కి ముప్ఫై ఏళ్లు నిండలేదు. వెనకవైపు నాలుగు చక్రాలున్న కొత్త డీజిల్ పికప్ కొని, దాని వెనక కమ్మికి ఆరు ఆంబోతుల ట్రైలర్ తగిలించి, పెళ్లికొడుకులా సంత వాకిట్లో దిగాడు. ఆర్వల్ బూడిదరంగు పాత బండి పక్కనే ఉంది.

"పెద్దాయనా, నీ ముసలి గుర్రాన్ని ఇక గడ్డికి వదిలెయ్యి. నా బండి ఎంత లాగుతుందో తెలుసా? ఇల్లు లాగుతుంది, ఇల్లు!"

"ఇల్లు లాక్కుని ఎక్కడికి పోతావురా? లోపలున్న మీ ఆవిడ ఊరుకుంటుందా?" అన్నాడు ఆర్వల్.

కంచె మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. కోల్బీ మొహం కందిపోయింది.

"నవ్వులెందుకు, పందెం కడతావా? క్రోబార్ కనుమ రోడ్డు పైకి ఎవడు ముందెక్కుతాడో తేల్చుకుందాం."

"పైకి ఎక్కేదాంట్లో ఏముంది? నిండు ట్రైలర్‌తో ఎట్లా దిగుతావో చెప్పు."

"బ్రేకులున్నాయిగా."

"ఉన్నాయి. మరి బండిని తిప్పేది దేంతో?"

కోల్బీకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆర్వల్ నా కిటికీ దగ్గరికి వచ్చి, "మేవిస్, ట్రైలర్ విప్పించి వీడి ముందు చక్రాలు రెండే తూచు. తగిలించాక మళ్లీ తూచు" అన్నాడు. తూచాను. విప్పినప్పుడు నాలుగు వేల ఎనిమిది వందల పౌన్లు. తగిలించాక మూడు వేల తొమ్మిది వందలు. రెండు చీటీలూ రాసి కిటికీలోంచి అందించాను.

"తొమ్మిది వందల పౌన్లు ఎటు పోయాయి నాయనా? ట్రైలర్ ముక్కు నీ బండి తోక తొక్కింది, బండి ముట్టె పైకి లేచింది. మూడో మలుపులో నువ్వు స్టీరింగ్ తిప్పుతావు, ముందు చక్రాలు వినవు. బండి తిన్నగా పోతుంది. అక్కడ తిన్నగా ఏముంది?"

క్రోబార్ కనుమ మూడో మలుపులో తిన్నగా ఏమీ లేదు. నాలుగు వందల అడుగుల లోతున రాళ్లు, అంతే.

ఆ వారమే కోల్బీ తన ట్రైలర్ మార్చుకుని, దాన్ని తగిలించే కొక్కేన్ని బండి తొట్టి మధ్యలో, వెనక ఇరుసుకి సరిగ్గా పైన బిగించుకున్నాడు. అప్పట్నుంచి ఆర్వల్ మాటంటే వాడికి వేదం. ఊరికీ అంతే. సంత పెద్దలు ఆర్వల్ చెప్పినట్టే కట్టుబాటు పెట్టారు. కనుమ దాటే ప్రతి బండీ ముందు నా కాటా ఎక్కాలి. చీటీలో హద్దు దాటితే ఆ రోజుకి ఆ బండి కనుమ ఎక్కదు, సరుకు ఇంకొకరి ట్రైలర్‌లోకి మారాల్సిందే. ఎంతటివాడైనా వాదించడానికి లేదు.

నేను ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. కాటా అంకెలకి ఆ చదువు చాలింది. నలభై ఒక్క ఏళ్లలో నా చీటీ తప్పని అన్నవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఇద్దరూ మళ్లీ నా కిటికీ దగ్గరికి టోపీ చేత్తో పట్టుకుని వచ్చారు.

ఆర్వల్ పదహారో ఏట డకోటా గోధుమ పొలాల నుంచి మా వయోమింగ్‌కి వచ్చాడు. పెళ్లాం ఇంగా పోయాక బండే సంసారం. ఇక్కడికొచ్చిన యాభై ఏళ్లలో మూడు డీజిల్ బండ్లు అరగదీశాడు. కొత్త బండి కొనబోయే ప్రతివాడూ ముందు ఇతన్ని హోటల్‌కి తీసుకెళ్లి సలహా కోసం చెర్రీ పళ్ల తీపి తినిపించేవాడు. షుగర్ జబ్బు మనిషి, డాక్టర్ వద్దన్నాడు. ఎవడు వింటాడు! తింటూ చెప్పేవాడు:

"నా మొదటిది, నీలంది, ఇంజిన్ రాక్షసి. గేరు పెట్టె మాత్రం వెన్న. బరువు తగిలిందంటే కరిగిపోయేది. రెండోది సుఖంగా నడిచేది, కానీ దానికి డీజిల్‌లో చుక్క నీళ్లు పడితే మంచం పట్టేది. బయట సున్నాకి ముప్ఫై కింద చలి ఉన్నప్పుడు అలిగే పెళ్లాంతో ఎవడు వేగుతాడు? ఈ బూడిదది నాలుగు లక్షల మైళ్లు తిరిగింది. దిగేటప్పుడు మీట నొక్కితే ఇంజినే బండిని వెనక్కి పట్టుకుంటుంది. కాలితో పని సగం."

చివరి మాట అప్పట్లో నేను లెక్కచెయ్యలేదు.

ప్రతి ఆగస్టులో మా పిల్లలు ఏడాదంతా పెంచిన కోడెల్ని కనుమకి ఆవల పెద్ద పశువుల ప్రదర్శనకి తీసుకెళతారు. తోలేది ఆర్వల్. కోడెలు ట్రైలర్‌లో, వాటిని పెంచిన పిల్లల్లో ముగ్గురు అతని వెనక సీట్లో. ఆ మూడు చోట్ల కోసం పిల్లలు చీట్లు వేసుకునేవాళ్లు. నేను చెప్పబోయే ఏడు ఒక చీటీ కోల్బీ కూతురు జూనీకి వచ్చింది. పదకొండేళ్ల పిల్ల.

జులై నెలాఖరులో ఒక మధ్యాహ్నం ఆర్వల్ కాటా గదికి వచ్చాడు. కాఫీ పోసుకుని, ఎండిపోయిన గడ్డి గురించి మాట్లాడి, వెళ్లబోయాడు. సిమెంటు గచ్చు మీద అడుగడుగునా ఎర్రటి మరక.

"ఆర్వల్, ఆగు. కాలెత్తు."

గుర్రానికి నాడా చూసినట్టు అతని బూటు పట్టుకుని చూశాను. మూడంగుళాల మేకు అడుగులోంచి లోపలికి దిగబడి ఉంది. బూటు నిండా నెత్తురు.

"ఎప్పుడు గుచ్చుకుంది?"

అతను మేకు వంక చూశాడు, నా వంక చూశాడు. "ఏమో" అన్నాడు.

కటింగ్ ప్లేయరుతో మేకు లాగాను. మొహంలో ఒక్క నరం కదల్లేదు. మడమ మీద గిల్లాను, గట్టిగానే. కదల్లేదు.

"ఎంత కాలంగా ఇట్లా?"

"చలికాలం నుంచి."

"రెండు కాళ్లూనా?"

"కుడిది ఎక్కువ."

కుడి కాలు. బ్రేకు కాలు.

"ఈ కాలుతో పిల్లల్ని తీసుకెళ్తావా? సిగ్గులేదా నీకు?"

"బండి ఉంది మేవిస్. అది నాకంటే నమ్మకమైంది. అదే ఆపుతుంది."

మా వాళ్లందరిదీ ఇదే బుద్ధి. ఇంజిన్ శబ్దంలో వెంట్రుకంత తేడా వచ్చినా పట్టేస్తారు. తమ ఒంట్లో తేడా వస్తే, బండి బాగుందిగా అంటారు.

మర్నాడు కోల్బీ కాటా మీదికి వచ్చినప్పుడు ఉండబట్టలేక అన్నాను. "ఒరేయ్, ఈసారి కోడెల్ని నువ్వే తోలరాదూ? ఆర్వల్ పెద్దవాడయ్యాడు. అతని కాళ్లు చూశావా?"

వాడు పకపకా నవ్వాడు. "మేవిసమ్మా, ఆ మనిషి కళ్లకి గంతలు కట్టినా కనుమ దించుతాడు. నా పిల్లని వేరే ఎవరి బండీ ఎక్కనివ్వను, నా బండి కూడా."

"కాళ్లు అంటున్నాను రా వెధవా, కళ్లు కాదు."

"నీ కాళ్లకంటే నయమేలే!" అంటూ వెళ్లిపోయాడు. గెలిచిన మనిషి మీద ఊరికి అంత గురి. నాకు అదే భయమేసింది. సందేహించేవాడు ఒక్కడుంటే బాగుండుననిపించింది.

ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం నాలుగింటికి ఆర్వల్ మళ్లీ వచ్చాడు. ఈసారి కాఫీ పోసుకోలేదు. కూర్చుని టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పోయిన వారం ఖాళీ ట్రైలర్‌తో కనుమ దిగాను" అన్నాడు. "ఒకసారి చూసుకుందామని. మూడో మలుపు ముందు బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు. ఇంకా తొక్కాను. ఇంజిన్ అరిచింది. అప్పుడు తెలిసింది, నా కాలు బ్రేకు మీద లేదు. యాక్సిలరేటర్ మీద ఉంది."

నేను చేతిలో కలం కింద పెట్టాను.

"బండి తప్పేం లేదు. నేను ఏది అడిగితే అది ఇచ్చింది."

"తర్వాత?"

"బ్రేకులు పోయిన బండ్ల కోసం పక్కన కంకర దారి వేశారుగా. దాంట్లోకి తిప్పాను. ఇరుసుల దాకా కూరుకుపోయి ఆగింది. రెండు గంటలు తవ్వుకుని బయటికొచ్చాను. ఎవరూ చూడలేదు. ఖాళీ ట్రైలర్ కాబట్టి ఆగింది మేవిస్. రేపు పదకొండు కోడెలు."

"ముగ్గురు పిల్లలు" అన్నాను.

"ముగ్గురు పిల్లలు."

"అయితే ఇప్పుడే వెళ్లి కోల్బీకి చెప్పు. లేదా నేను చెబుతా."

"రెండుసార్లు వాడి గుమ్మం దాకా వెళ్లాను. మొదటిసారి వాడు బండి కొనే సలహా అడిగాడు. రెండోసారి ఆ పిల్ల తన కోడెకి నా పేరు పెట్టానని చెప్పింది. నోరు పెగల్లేదు. నువ్వు చెబితే నవ్వుతాడు. నవ్వాడటగా?"

నవ్వాడు.

"రేపు తెల్లారితే నాకు తెలుసు నా సంగతి. తాళంచెవి తీస్తాను, బండి ఎక్కుతాను, ఏం కాదులే అనుకుంటాను. నన్ను నేను ఆపుకోలేను. అందుకే వచ్చాను."

టోపీ తీసి బల్ల మీద, నా చీటీల పుస్తకం పక్కన పెట్టాడు. ఇన్నేళ్లలో అతను నన్ను ఏదీ అడిగి ఎరుగడు.

"పొద్దున ఏడింటికి నీ కాటా ఎక్కుతాను. కోడెలూ పిల్లలూ అందరూ ఎక్కి ఉంటారు. కోల్బీ ట్రైలర్ ఖాళీగా పక్కనే ఉంటుంది. బరువు హద్దులోనే ఉంటుంది, నాకు తెలుసు, నీకూ తెలుస్తుంది. నువ్వు హద్దు దాటేలా రెండు వేల పౌన్లు ఎక్కువ రాయి. కట్టుబాటు ప్రకారం కోడెలూ పిల్లలూ వాడి బండికి మారాల్సిందే. నేను నిన్ను తిడతాను మేవిస్. అందరి ముందూ, కాటా పాడైందని, నీకు కళ్లు కనబడటం లేదని, నోటికొచ్చినట్టు తిడతాను. మళ్లీ తూచమంటాను. తూచొద్దు. చీటీ మార్చొద్దు."